ప్రేషకుడా, ప్రేక్షకుడా? మెయిల్‌లో పంపేవారి పేరుకి తెలుగు మాట

హైదరాబాద్ ప్రోగ్రామర్:

అందరికీ నమస్కారం. ఒక చిన్న మాట దగ్గర ఇరుక్కున్నాను.

మా టీమ్ ఒక కాలేజీకి సాఫ్ట్‌వేర్ రాస్తోంది. ఫీజు గడువు, పరీక్ష తేదీ లాంటివి ప్రోగ్రామే విద్యార్థులకు మెయిల్ చేస్తుంది. ఆ మెయిల్ ఏ పేరుతో కనిపించాలో కాలేజీవాళ్లే సెట్టింగ్స్‌లో పెట్టుకుంటారు. ఆ గడి పక్కన తెలుగులో ఏం రాయాలన్నది నా తలనొప్పి. నిఘంటువు తిరగేసి 'ప్రేషకుడి పేరు' అని రాశాను. మర్నాడు టెస్టర్ బగ్ వేసింది: "స్పెల్లింగ్ తప్పు. 'ప్రేక్షకుడి పేరు' అని ఉండాలి. అయినా మెయిల్‌కి ప్రేక్షకుడెందుకు?"

ఆమెని అనడానికేం లేదు. నేనూ ఆ మాట ఆ రోజే చూశాను. పక్క సీటతను 'నుండి:' అని పెట్టి వదిలేయమంటున్నాడు. మీరేమంటారు?

తెలుగు మాస్టారు (రిటైర్డ్):

నాయనా, మాట తప్పు కాదు. పంపడమనే అర్థమున్న 'ఇష్' ధాతువుకి 'ప్ర' చేరితే ప్రేషణం, చూడడమనే అర్థమున్న 'ఈక్ష్'కి 'ప్ర' చేరితే ప్రేక్షణం. పంపేవాడు ప్రేషకుడు, చూసేవాడు ప్రేక్షకుడు. తేడా అంతా ష దగ్గర, క్ష దగ్గర. హిందీవాళ్లకి ఈ ఇబ్బంది అంతగా లేదు. వాళ్లు ఉత్తరం పంపినవాణ్ణి ప్రేషక్ అంటారు, సినిమా చూసేవాణ్ణి మామూలుగా దర్శక్ అంటారు. మనకేమో దర్శకుడంటే సినిమా తీసేవాడు! వాళ్ల మాట తెచ్చి మన గడిలో పెడితే మీ టెస్టరమ్మకే కాదు, నాకూ కళ్లజోడు సరిచేసుకోవాల్సి వస్తుంది.

పైగా 'డు' ఒకటి. పంపేది ఆడమనిషైతే? ఆఫీసైతే? 'పంపేవారు' అనెయ్. హాయిగా ఉంటుంది.

డాలస్ అనువాదకురాలు:

మాస్టారితో ఏకీభవిస్తాను. 'నుండి:' గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అనువాదాల్లో ఇది రోజూ తగులుతుంది. ఇంగ్లీషులో 'ఫ్రమ్' పేరుకి ముందొస్తుంది కాబట్టి దాన్ని విడదీసి గడి మీద అతికించినా నిలబడుతుంది. మన 'నుండి' పేరు వెనక నడిచేది. దాన్ని ముందుకు లాగి 'నుండి: పరీక్షల శాఖ' అంటే చెప్పు తలకి కట్టుకున్నట్టుంటుంది.

పోనీ వెనకే పెడదామని కోడ్‌లో 'పేరు + నుండి' అని కలిపేస్తారు. అక్కడ ఇంకో గుంట. 'తమ్ముడు నుండి మెయిల్ వచ్చింది' అని ఎవరంటారు? 'తమ్ముడి నుండి' అంటాం. స్నేహితులు అయితే 'స్నేహితుల నుండి', ఊరు అయితే 'ఊరి నుండి'. విభక్తి వస్తోందంటే ముందున్న పేరు తన రూపం మార్చుకుంటుంది. అన్ని పేర్లూ మారవు, 'సీత నుండి' మామూలుగానే ఉంటుంది. ఏది మారుతుందో ఏది మారదో ప్రోగ్రామ్‌కి నేర్పాలంటే అదో పెద్ద పని.

'పంపినవారు: తమ్ముడు' అని రాస్తే ఈ గొడవే రాదు. పేరు ప్రథమా విభక్తిలో ఉంటుంది, దాని ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. అందుకే నాది ఒకటే మాట: గడి మీద విభక్తి పెట్టొద్దు, నామవాచకం పెట్టండి. సెట్టింగ్స్‌లో ఇంకా పంపలేదు కాబట్టి 'పంపేవారి పేరు', మెయిల్ అందాక 'పంపినవారు'.

విజయవాడ, మెయిల్ సర్వర్లు చూసుకునే ఆయన:

మాట సంగతి మీరు తేల్చండి గానీ, ముందు ఆ గడిలో ఉన్నదేమిటో చెప్పనివ్వండి. 'పంపినవారు' అనగానే ఒకరే అనుకుంటున్నారు. మెయిల్‌లో ఇద్దరుండొచ్చు. 1982 నాటి మెయిల్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 822లోనే 'ఫ్రమ్' వేరు, 'సెండర్' వేరు. ఉత్తరం ఎవరిదో ఆయన ఫ్రమ్, దాన్ని నిజంగా పంపింది ఇంకొకరైతే వాళ్లు సెండర్. అందులో ఇచ్చిన ఉదాహరణల్లో ఆఫీసరు తరఫున సెక్రటరీ మెయిల్ పంపడం కూడా ఉంది.

రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. దస్తావేజులో 'రాసి ఇచ్చినవారు' అంటే స్థలం అమ్మేవాడు. ఆయన ఒక్క అక్షరం రాసి ఉండడు! కలం పట్టినవాడు కింద 'దస్తావేజు లేఖరి' అని వేరే సంతకం పెడతాడు. ఫ్రమ్ రాసి ఇచ్చినవారు, సెండర్ లేఖరి. ఇవి కాక కవరు మీద చిరునామా ఇంకోటి ఉంటుంది, మెయిల్ చేరకపోతే తిరిగొచ్చేది దానికి. మామూలుగా చదివేవాళ్లకి అది కనపడదు.

మన హైదరాబాద్ తమ్ముడు పెట్టేది ఫ్రమ్‌లో చిరునామాకి ముందుండే పేరు. కోడ్ రాసేటప్పుడు దాన్ని జావా మెయిల్‌లో 'పర్సనల్' అంటారు, సీ షార్ప్‌లో 'డిస్‌ప్లే నేమ్' అంటారు. రెంటిలోనూ చిరునామా ముందు ఇచ్చి పేరు తర్వాత ఇవ్వాలి. పైథాన్‌లో ఫార్మాట్ ఎడ్రస్ ఫంక్షన్‌కి పేరే ముందు. ఇంటిపేరు ముందా వెనకా అన్నట్టే.

తెలుగు మాస్టారు:

ఒక సందేహం. ఆ పేరు నిజమో కాదో ఎవరైనా చూస్తారా?

విజయవాడ ఆయన:

మామూలుగా చూడరు మాస్టారూ. ఎస్‌పీఎఫ్ అనే తనిఖీ కవరు చిరునామాలోని డొమైన్‌ని, అంటే @ తర్వాతి భాగాన్ని చూస్తుంది, డీమార్క్ అనే ఇంకో తనిఖీ ఫ్రమ్‌లో ఉన్న డొమైన్‌ని చూస్తుంది. పేరు జోలికి రెండూ పోవు. నేను కోడ్‌లో 'మీ బ్యాంకు మేనేజర్' అని రాస్తే అవతల అలాగే కనిపిస్తుంది. మోసపు మెయిళ్లలో సగం పని ఆ పేరే చేసి పెడుతుంది, ఎందుకంటే ఫోన్‌లో చాలామందికి కనపడేది పేరే, చిరునామా కాదు.

తెలుగు మాస్టారు:

అయితే అది పంపినవారి పేరు కాదు, పంపినవారు చెప్పుకున్న పేరు. ప్రమాణ స్వీకారంలో 'ఫలానా అను నేను' అంటారు చూడు, అదీ. అక్కడైతే ఎదురుగా గవర్నరుంటాడు, ఇక్కడ ఎవరూ లేరు. 'ఇట్లు' కూడా బాగుండేది. 'ఇట్లు, ఫలానా' అంటే పేరు ప్రథమలోనే ఉంటుంది కదమ్మా. కాకపోతే అది ఉత్తరం చివర రావలసిన మాట, మెయిల్‌లో పేరు నెత్తినే కూర్చుంటుంది.

హైదరాబాద్ ప్రోగ్రామర్:

మాస్టారూ, మీరన్నది పట్టుకుని గడికి 'మెయిల్‌లో కనిపించే పేరు' అని పెట్టాను. అబద్ధం ఆడినట్టూ ఉండదు, టెస్టర్‌కి అర్థమైంది కూడా. అందుకున్నవాళ్లకి కనపడే చోట మేడం చెప్పినట్టు 'పంపినవారు'.

కాలేజీవాళ్లు ఆ గడిలో మొదట నింపింది ఏంటో తెలుసా? 'ప్రిన్సిపాల్ గారు'. తన పేరుకి తానే గారు తగిలించుకున్నట్టు మెయిల్ వెళ్లేది! గుమాస్తా భక్తి అది, ఆయనకి తెలియదు పాపం. ఫోన్ చేసి 'విద్యార్థి సేవా విభాగం' అని మార్పించాను.

ఇప్పుడు కొత్త బగ్. 'విద్యార్థి సేవా' వరకు బాగా వస్తోంది. తర్వాత వ స్థానంలో ప్రశ్నార్థకం గుర్తులు, వాటి పక్కన గుడి ఒంటరిగా, ఆపైన 'భాగం'. టెస్టర్ పెట్టిన శీర్షిక: "గుడి ఉంది, వ లేదు."

విజయవాడ ఆయన:

పేరుని ముక్కలు చేసే కోడ్ మీరే రాసుకున్నారా? అక్కడే ఉంది. మెయిల్ హెడర్, అంటే పేరూ చిరునామా ఉండే పై భాగం, పుట్టింది ఇంగ్లీషు అక్షరాల కోసం. అందుకే 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2047 పద్ధతిలో తెలుగు పేరుని బేస్ 64 అనే ఇంగ్లీషు అక్షరాల, అంకెల రూపంలోకి మార్చి, ముక్కలుగా పంపుతాం. ముడి మెయిల్ తెరిస్తే 4ఎల్‌సీ, 4ఎల్‌జీ అని పదే పదే కనిపించేవి మన అక్షరాలే. ఒక్కో ముక్క 75 గుర్తులు దాటకూడదు. ముందూ వెనకా తగిలించేవి 12 పోతే, బేస్ 64 మూడేసి బైట్లకి నాలుగేసి గుర్తులుగా నడుస్తుంది కాబట్టి మిగిలేది 60. అంటే 45 బైట్లు.

లెక్క చూడండి. అక్షరమైనా గుణింతపు గుర్తయినా తెలుగులో ఒక్కోదానికి 3 బైట్లు, వత్తుకి 6. 'విద్యార్థి'కి 30, ఖాళీకి 1, 'సేవా'కి 12, మళ్లీ ఖాళీకి 1. మొత్తం 44. మీ కోడ్ కళ్లు మూసుకుని 45 దగ్గర నరికింది. వ లోని మొదటి బైటు ఒక ముక్కలో, మిగతా రెండూ ఇంకో ముక్కలో పడ్డాయి. ఒక అక్షరాన్ని రెండు ముక్కల మధ్య విడదీయకూడదని ఆర్‌ఎఫ్‌సీలోనే ఉంది. ఆ కోడ్ తీసేయండి, పేరూ చిరునామా విడివిడిగా మెయిల్ లైబ్రరీకి, అంటే ముందే రాసిపెట్టిన కోడ్‌కి ఇచ్చేయండి.

హైదరాబాద్ ప్రోగ్రామర్:

తీసేశాను అన్నా. వ తిరిగొచ్చింది. బగ్ మూసేస్తూ టెస్టర్ ఇంకోటి తెరిచింది: "నో రిప్లై చిరునామాకి తెలుగులో ఏమంటారు?"

తెలుగు మాస్టారు:

అది రేపు. ఈ పూట నేను ప్రేక్షకుణ్ణే.