52 నిమిషాల డాక్యుమెంటరీ చేతికొచ్చింది: ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి?

ప్రశ్న: కోత_కూర్పు

నమస్కారం. నాలుగేళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను. ఇంతవరకు నా పనంతా పది నిమిషాల లోపు ముఖాముఖిలు, సంస్థల పరిచయ వీడియోలు. కట్ చేసేది నేనే, రంగులు దిద్దేది నేనే, శబ్దం సర్దేది నేనే. ఇళ్లలో సరదాకు వాడుకునే ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌తోనే నెట్టుకొచ్చాను. ఇన్నాళ్లూ దానితో ఏ ఇబ్బందీ రాలేదు.

ఇప్పుడు 52 నిమిషాల డాక్యుమెంటరీ ఒకటి ఒప్పుకున్నాను. ఫుటేజీ 38 గంటలుంది. ఎక్కువ భాగం 4కె, హెచ్.265 అనే కుదింపు పద్ధతి, పది బిట్ల 4:2:2 (రంగు వివరాలు ఎక్కువగా దాచుకునే రకం). కొంత ఫోనుతో తీశారు. నాది 16 జీబీ మెమరీ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్. ఒక్క క్లిప్పు పెడితేనే బొమ్మ ఆగి ఆగి నడుస్తోంది. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్ కొనాలా అన్నది ఇంకో బెంగ.

ప్రీమియర్ ప్రో, రిజాల్వ్, ఫైనల్ కట్, ఆవిడ్. ఎవరిని అడిగినా తాము వాడేదే గొప్పదంటున్నారు. నేర్చుకోవడానికి నెల రోజుల వ్యవధి ఉంది. ఏది ఎంచుకోమంటారు? అన్నట్టు, ఈసారి రంగులు ఒకరు, శబ్దం మరొకరు చూస్తారట.

సమాధానం: నీలితెర

రిజాల్వ్. రెండో ఆలోచన వద్దు. ఉచిత వెర్షన్‌లోనే కట్ చేయడం, రంగులు, శబ్దం, గ్రాఫిక్స్ అన్నీ ఉన్నాయి. 3840×2160 వరకు, సెకనుకు 60 ఫ్రేముల వరకు వీడియో బయటికి తీయవచ్చు. నేను ఐదేళ్లుగా పైసా కట్టకుండా పని చేస్తున్నాను. కొంటే గ్రాఫిక్స్ కార్డు కొనండి, సాఫ్ట్‌వేర్ కాదు.

సమాధానం: పాత_రీలు

నీలితెర గారు చివరికి చెప్పిన పేరే సరైనది కావచ్చు. కానీ అది ప్రశ్న పూర్తిగా వినకముందే ఇచ్చిన జవాబు.

కోత_కూర్పు గారూ, 'అన్నట్టు' అంటూ మీరు తేలిగ్గా వదిలేసిన ఆ ఆఖరి వాక్యమే అసలు విషయం. ఇంతకాలం మీ టైమ్‌లైన్‌ను, అంటే కట్లన్నీ వరుసగా పేర్చుకునే పట్టీని, మీరు తప్ప ఎవరూ తెరవలేదు. అది ఎంత చిందరవందరగా ఉన్నా బయటికి వెళ్లింది ఒక వీడియో ఫైలే. ఈసారి వెళ్లేది టైమ్‌లైనే. దాన్ని మీకు తెలియని ఇద్దరు, వేరే యంత్రాల మీద, వేరే సాఫ్ట్‌వేర్లలో విప్పుతారు. అందుకని ముందు ఆ ఇద్దరికీ ఫోను చేయండి. ఏ సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తారు, ఏ వెర్షన్, నా నుంచి ఏ రూపంలో కావాలి, అని అడగండి. ఆ జవాబులు కాగితం మీద రాసుకున్నాక నాలుగు పేర్లలో రెండు వాటంతటవే రాలిపోతాయి.

నాకు ఈ బుద్ధి ఆలస్యంగా వచ్చింది. 2004లో ఒక ఎడిటర్ దగ్గర సహాయకురాలిగా చేరాను. ఆరేళ్ల తర్వాత సొంతంగా ఒప్పుకున్న తొలి పెద్ద పని గంట నిడివిది. చేతికి అలవాటైన సాఫ్ట్‌వేర్‌లో హాయిగా కట్ చేసుకుంటూ పోయాను. దాని పేరు చెప్పను, తప్పు దానిది కాదు. సంగీతాన్నీ వాతావరణ శబ్దాలనూ విడివిడి నెస్టుల్లో, అంటే చాలా క్లిప్పులను ఒకే క్లిప్పులా చుట్టేసే పొట్లాల్లో, మడిచి పెట్టాను. టైమ్‌లైన్ ఇస్త్రీ చేసిన చీరలా ఉండేది. పిక్చర్ లాక్ అయ్యాక, అంటే ఇక బొమ్మ మారదని తేలాక, శబ్దం కోసం ఏఏఎఫ్ (టైమ్‌లైన్‌ను వేరే సాఫ్ట్‌వేర్‌కు మోసుకెళ్లే ఫైలు) తీసి పంపాను. రాత్రి పదకొండింటికి శబ్దం చూసేవారి నుంచి ఫోను. "అమ్మా, మాటలు వచ్చాయి. సంగీతం ఉండాల్సిన చోట పొడవాటి ముద్ద ఒకటి వచ్చింది. ఎక్కడా హ్యాండిల్స్ లేవు. వీటిని నేనేం చేసుకోను?" ప్రతి కట్‌కూ ముందూ వెనకా కాస్త శబ్దం మిగలకపోతే ఆయన ఫేడ్ ఎక్కడ వేస్తారు? ఏఏఎఫ్ తీసేటప్పుడు హ్యాండిల్స్ గడిలో సున్నా ఉంది, నేను చూడలేదు. నెస్టులన్నీ విప్పి, ట్రాకులు విడదీసి మళ్లీ పంపేసరికి రెండు పగళ్లు, రెండు రాత్రులు. ఆ ముద్ద చేసినందుకు నాకు ఎంత సిగ్గేసిందో, ఆయన చివరిదాకా కోప్పడకపోవడం అంతకంటే ఎక్కువ సిగ్గనిపించింది.

ఇక మీ నలుగురు పెళ్లికొడుకుల సంగతి.

ఆవిడ్ దగ్గర నేను పెరిగాను, కాబట్టి నా మాటలో కాస్త మమకారం ఉంటుంది, తగ్గించి చదువుకోండి. 1989 నుంచి ఉన్న మనిషి. పెద్ద సినిమాలు, సీరియళ్లు చేసేవారు దాన్ని ఇప్పటికీ వదలకపోవడానికి ప్రధాన కారణం బిన్ లాకింగ్. ఒకరు ఒక బిన్ (క్లిప్పులు దాచుకునే సంచి) తెరిచి పని చేస్తుంటే మిగతావారు దాన్ని చూడగలరు గానీ మార్చలేరు. ఐదుగురు ఒకే ప్రాజెక్టులో కూర్చున్నా ఒకరి పని మీద మరొకరు తొక్కరు. ఒంటరిగా కూర్చుని పని చేసే మీకు ఆ భాగ్యం అక్కర్లేదు. పైగా నెల రోజుల్లో దాని పట్టింపులన్నీ ఒంటబట్టవు. పక్కన పెట్టండి.

ఫైనల్ కట్ ఆపిల్ యంత్రాల మీద తప్ప నడవదు. మీది విండోస్. అక్కడితో అయిపోయింది, కానీ ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. 2011లో దాన్ని పూర్తిగా తిరగరాసి టెన్ అనే పేరుతో తెచ్చినప్పుడు, అంతకు ముందరి ఏడో వెర్షన్ ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు. మల్టీక్యామ్ (చాలా కెమెరాల దృశ్యాన్ని ఒకేసారి కట్ చేసే సదుపాయం) లేదు, ఈడీఎల్ (కట్ల జాబితా) తీయడం లేదు. కొన్ని నెలల్లో మల్టీక్యామ్ తెచ్చి పెట్టారు గానీ, అప్పటికే చాలామంది ఎడిటర్లు ఇల్లు మారిపోయారు. ఇవాళ అది మంచి వేగమైన సాఫ్ట్‌వేర్, మ్యాక్‌లో ఒక్కసారి కొంటే చాలు. అయినా శబ్దానికి ఏఏఎఫ్ పంపాలంటే వేరే పరికరం తోడు కావాలి. ఒకే సాఫ్ట్‌వేర్‌కు జీవితం రాసివ్వకూడదని నాకు ఆ ఏడాదే తెలిసింది.

ప్రీమియర్ ప్రో ఎక్కడికి వెళ్లినా తెలిసిన భాషే. కదిలే గ్రాఫిక్స్ చేసే ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తో పొత్తు బాగుంటుంది. గ్రాఫిక్స్ ఎక్కువైతే ఆ పొత్తు ఒక్కటే చాలు దాన్ని ఎంచుకోవడానికి. 2013 నుంచి చందా పద్ధతి. చందా ఆపితే మీ ప్రాజెక్టు ఫైళ్లు మీ దగ్గరే ఉంటాయి, తెరిచే తాళం మాత్రం ఉండదు. రెండేళ్ల తర్వాత నిర్మాత వచ్చి 'ఇందులో ఒక్క షాట్ మార్చండి' అంటారు, అప్పుడు మళ్లీ చందా కట్టి తెరవాలి. ఆ ఖర్చు మీ పారితోషికంలో ముందే కలపండి.

రిజాల్వ్ మొదట రంగులు దిద్దే యంత్రం. 2009లో బ్లాక్‌మ్యాజిక్ సంస్థ దాన్ని కొన్న తర్వాతే ఎడిటింగ్ వైపు పెరిగింది. 2017లో ఫెయిర్‌లైట్ శబ్ద విభాగం, 2018లో గ్రాఫిక్స్ చేసే ఫ్యూజన్ వచ్చి చేరాయి. ఆ పుట్టుక గుణం ఇప్పటికీ పోలేదు, రంగుల పేజీలో రాజు. పూర్తి వెర్షన్‌కు ఒక్కసారి కడితే సరిపోతుంది. నీలితెర గారు చెప్పని మాట ఒకటుంది: రాత్రి దృశ్యాల్లో కనిపించే నాయిస్‌ను, అంటే చుక్కల గోలను, తగ్గించే సదుపాయం ఉచిత వెర్షన్‌లో లేదు. 4096 వెడల్పు ఉండే సినిమా 4కె కూడా అందులో బయటికి రాదు.

డెస్క్‌టాప్ కొనకండి, కనీసం ఈ నెల. మీ బొమ్మ ఆగిపోతున్నది ల్యాప్‌టాప్ బలహీనత వల్ల మాత్రమే కాదు. హెచ్.265లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ, మధ్యలో అన్నీ 'ముందుదానితో పోలిస్తే ఏం మారింది' అనే చీటీలు. మీరు మధ్యలో ఎక్కడ నొక్కినా కంప్యూటర్ వెనక్కి వెళ్లి ఆ చీటీలన్నీ చదువుకుంటూ రావాలి. దానికి తోడు 4:2:2 రకాన్ని నేరుగా విప్పే శక్తి చాలా గ్రాఫిక్స్ కార్డులకు లేదు. ఎన్విడియా కార్డుల్లో అది 2025లో వచ్చిన 50 వరుసతోనే మొదలైంది. ఇంటెల్ పదకొండో తరం నుంచి వచ్చిన ప్రాసెసర్లలో, అంతర్గత గ్రాఫిక్స్ ఉన్నవాటిలో, ఆ పని ప్రాసెసరే చేస్తుంది. డబ్బు పోసి తప్పు కార్డు కొని, బొమ్మ ఎప్పటిలాగే నత్తనడక నడుస్తుంటే తల పట్టుకున్నవాళ్లను చూశాను.

ప్రాక్సీలు, అంటే కట్ చేసుకోవడానికి అసలు ఫుటేజీ బదులు వాడే తేలికపాటి నకళ్లు, చేసుకోండి. 1920×1080లో ప్రోరెస్ ప్రాక్సీ గానీ డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ ఎల్‌బీ గానీ (రెండూ ఎడిటింగ్‌కు అనువైన ఫైలు రకాలు) గంటకు సుమారు 20 జీబీ. 38 గంటలకు 760 జీబీ. ఒక టెరాబైట్ డిస్క్ చాలు. వాటితో మీ ల్యాప్‌టాప్‌ కూడా పరుగెడుతుంది. ఫోను ఫుటేజీలో సెకనుకు ఫ్రేముల సంఖ్య నిలకడగా ఉండదు, పోనుపోను పెదవులకూ మాటకూ పొత్తు తప్పుతుంది. దాన్ని మాత్రం టైమ్‌లైన్‌లో వేయకముందే స్థిరమైన ఫ్రేము రేటుకు మార్చుకోండి. షటర్ ఎన్‌కోడర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఆ పని చేస్తుంది.

ఇవన్నీ అయ్యాక మూడు నిమిషాల ముక్క కట్ చేయండి. అందులో ఒక స్పీడ్ మార్పు, ఒక నెస్టు, ఒక టైటిల్, ఫోను షాట్ ఒకటి, రెండు కెమెరాల మాటల దృశ్యం ఒకటి తప్పకుండా ఉండాలి. టైటిల్‌లో ఒత్తులున్న మాటలు రాసి చూడండి, అక్షరాలు విడిపోతే అప్పుడే తెలుస్తుంది. ఆ ముక్కను రంగులు చూసే కలరిస్ట్‌కూ శబ్దం మనిషికీ నిజంగానే పంపండి. అక్కడి నుంచి తిరిగి వచ్చినదాన్ని మీ టైమ్‌లైన్‌లో అమర్చి చివరి ఫైలు తీయండి. రెండు సాఫ్ట్‌వేర్లతో ఇలా చేసి చూస్తే ఇక నన్ను అడగాల్సిన పని ఉండదు.

సమాధానం: చెవి_మాట

శబ్దం వైపు నుంచి నాలుగు మాటలు. పాత_రీలు గారు చెప్పిన రాత్రి ఫోన్లు నేనూ చాలా చేశాను, అంత మర్యాదగా కాకపోవచ్చు.

హ్యాండిల్స్ ఐదు సెకన్లు ఇవ్వండి. మాటలు, సంగీతం, వాతావరణం వేర్వేరు ట్రాకుల్లో ఉండనివ్వండి. అన్నీ 48 కిలోహెర్ట్జ్. మీరు వేసిన శబ్దపు ఎఫెక్టులు తీసేయండి, వాటిని నేను ఎలాగూ మళ్లీ చేయాల్సిందే. తోడుగా టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ ఉండే గంట, నిమిషం, సెకను, ఫ్రేము సంఖ్య) కనిపించే వీడియో ఒకటి పంపండి.

అన్నిటికంటే ముందు ఫ్రేము రేటు అడగండి. 23.976ను 24 అని నోటితో చెప్పేసేవారు ఎంతమందో. గంటకు 3.6 సెకన్ల తేడా అది. మీ 52 నిమిషాల చివర్లో మూడు సెకన్లు దాటుతుంది. మొదటి నిమిషంలో ఎవరూ పట్టుకోలేరు, అదే దాని దుర్మార్గం.

మొదటి ఫ్రేముకు సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక్క ఫ్రేము నిడివి బీప్ పెట్టండి. దాన్ని చూసి నేను బొమ్మనూ శబ్దాన్నీ కలుపుకుంటాను.

సమాధానం: నీలితెర

ఒప్పుకుంటున్నాను, నా పని ఎప్పుడూ నా గది దాటి వెళ్లలేదు. 4:2:2 సంగతి కూడా తెలియదు. నా కెమెరా 4:2:0, రంగు వివరాలు తక్కువ దాచుకునే రకం.

తిరిగి రాసినవారు: కోత_కూర్పు

మూడు వారాలు పట్టింది, క్షమించండి. ఫోన్లు చేశాను. కలరిస్ట్ రిజాల్వ్‌లో, శబ్దం చూసేవారు ప్రో టూల్స్ అనే శబ్ద సాఫ్ట్‌వేర్‌లో. మూడు నిమిషాల ముక్కను ప్రీమియర్‌లోనూ రిజాల్వ్‌లోనూ కట్ చేశాను.

ప్రీమియర్‌లో చేయి త్వరగా కుదిరింది, నిజం చెప్పాలి. కానీ అక్కడి నుంచి ఎక్స్‌ఎంఎల్ అనే కట్ల వివరాల ఫైలుగా కలరిస్ట్‌కు వెళ్లిన ముక్కలో కట్లన్నీ సరిగ్గానే ఉన్నా, స్పీడ్ మార్పు వేరేలా వచ్చింది, టైటిల్ రాలేదు. రిజాల్వ్‌లో చేసినదాన్ని ఆయన ప్రాజెక్టుగానే తెరిచారు, ఏమీ పోలేదు. శబ్దం రెండింటి నుంచీ బాగానే వెళ్లింది, నెస్టు పెట్టిన చోట తప్ప. ఆ నెస్టును మీరు పెట్టమన్నారు కాబట్టి పెట్టాను, ఇక జన్మలో పెట్టను.

రిజాల్వ్ పూర్తి వెర్షన్ కొన్నాను, రాత్రి దృశ్యాలు నలభై నిమిషాల దాకా ఉన్నాయి. డెస్క్‌టాప్ కొనలేదు. ప్రాక్సీలు తయారవడానికి మూడు రాత్రులు పట్టింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ ఫ్యాను చప్పుడు కూడా తగ్గింది.

ఒక్క చిక్కు. నేను సరికొత్త వెర్షన్ వేసుకున్నాను, కలరిస్ట్ దగ్గర దానికి ముందుది ఉంది. ఆయన్ను మార్చుకోమని అడగవచ్చా?

సమాధానం: పాత_రీలు

అడగకండి. ఆయన చేతిలో ఇంకెవరివో సగం పనులు నడుస్తుంటాయి. కొత్త వెర్షన్‌లోకి ఎక్కిన ప్రాజెక్టు పాతదాంట్లోకి దిగదు. ప్రీమియర్‌లోనూ అంతే. మీరే ఆయన వెర్షన్‌కు రండి, ఇంకా అసలు పని మొదలుపెట్టలేదు కదా. పని పూర్తయ్యేదాకా 'కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది' అన్న ఆ చిన్న కిటికీని మూసేస్తూ ఉండండి.

తిరిగి రాసినవారు: కోత_కూర్పు

కొత్తది తీసేసి ఆయన వెర్షనే వేసుకున్నాను. పరీక్ష ముక్క ఎలాగూ పడేసేదే కాబట్టి నష్టం లేదు. టైమ్‌లైన్ 00:59:50:00 దగ్గర మొదలవుతోంది, బొమ్మ 01:00:00:00 దగ్గర. చెవి_మాట గారూ, బీప్ 00:59:58:00 దగ్గర పెట్టాను, సరేనా?

సమాధానం: చెవి_మాట

సరే. అక్కడే ఉంచండి, కదిలించకండి.