థార్ సాఫ్ట్ టాప్‌లో పాట వినపడాలంటే ముందు ఏది మార్చాలి?

ఎర్రమట్టి
రాజమహేంద్రవరం నుంచి రాస్తున్నాను. బండి థార్, 2020 తర్వాత వచ్చిన రకం, సాఫ్ట్ టాప్. స్పీకర్లు తలల మీద, పైకప్పు కింద ఉంటాయని మీకు తెలిసిందే. ఊళ్లో తిరిగేటప్పుడు పాట చక్కగా ఉంటుంది. హైవే మీద 80 దాటితే మాత్రం గుడ్డ కప్పు కొట్టుకునే మోత, టైర్ల రొద కలిసి తబలా, మృదంగం, బేస్ గిటార్ అన్నింటినీ మింగేస్తాయి. గాయకుడి గొంతు, తాళాలు మిగులుతాయి. గుడ్డ కప్పు అని తెలిసే కొన్నాను కాబట్టి ఇది ఫిర్యాదు కాదు. తరచూ మారేడుమిల్లి వైపు వెళ్తాం, వెనక సీట్లో మా అత్తగారు కూర్చుంటారు. స్పీకర్లు మార్చాలా, యాంప్లిఫయర్ పెట్టాలా, డ్యాంపింగ్ షీటు వేయించాలా? 30 వేలు దాటకూడదు.

గేరు లీవరు
మారేడుమిల్లి వెళ్లి బొంగు చికెన్ తినకుండా పాటలు వింటారా?

ఓం సూత్రం
ముందు ఒక లెక్క చెప్పనివ్వండి, తర్వాత షాపుకు వెళ్దురు గాని. హెడ్ యూనిట్ల (డ్యాష్‌బోర్డులో ఉండే స్టీరియోల) పెట్టెల మీద "50 వాట్లు × 4" అని రాస్తారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బండిలో ఉండేది సుమారు 14.4 వోల్టులు. 4 ఓమ్‌ల స్పీకరుకు, ధ్వని చిట్లకుండా, లోపల వేరే కన్వర్టర్ లేని యూనిట్ ఇవ్వగలిగింది లెక్కప్రకారం 26 వాట్లు. నష్టాలు పోతే 20 చిల్లర. మరి ఆ 50 ఎక్కడిది? 14.4ను 14.4తో హెచ్చవేసి 4తో భాగించండి, 51.8 వస్తుంది. అంటే పాట పూర్తిగా చిట్లిపోయి చదరపు తరంగంగా మారినప్పుడు వచ్చే శక్తి. వినడానికి పనికిరాని శక్తిని పెట్టె మీద అచ్చువేసి అమ్ముతున్నారు.

కాబట్టి హెడ్ యూనిట్ మార్చి డబ్బు తగలేయకండి. కంపెనీ కప్లర్‌కు, అంటే వైర్లను కలిపే ప్లగ్గుకు, నేరుగా సరిపోయే హార్నెస్‌తో (వైర్ల కట్టతో) చిన్న యాంప్లిఫయర్ పెట్టుకోండి. ఒక్క వైరు కూడా కోయనివ్వకండి. మళ్లీ చెప్తున్నాను, ఒక్క వైరు కూడా.

పాత డీజిల్
ఓం సూత్రం గారూ, లెక్క బాగుంది. అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం అందులో లేదు. ఆయనకు బేస్ ఎందుకు పోతోంది? టైర్ల రొద, గాలి మోత చాలావరకు మంద్రస్థాయి శబ్దాలే. అవి అదే స్థాయిలో ఉన్న బేస్‌ను కప్పేస్తాయి. పైగా తలమీద స్పీకరు పెట్టెలో చోటు తక్కువ, అంత చిన్న పెట్టెలోంచి మృదంగం ఎడమవైపు దెబ్బ ఎలా వస్తుంది? వాట్లు పెంచితే గొంతే ఇంకా పెద్దదవుతుంది, అత్తగారి చెవి దగ్గర. ఈయనకు కావలసింది ఎనిమిది అంగుళాల పలుచటి సబ్‌వూఫర్, అంటే బేస్ కోసమే ఉండే స్పీకరు, యాంప్లిఫయర్ లోపలే ఉండే రకం. బేస్ దాని మీదికి వదిలేస్తే పైన స్పీకర్లకు బరువు తగ్గి శుభ్రంగా పాడతాయి. ముందు ఈ ఒక్కటి చేసి చూడండి.

డ్యాంపింగ్ షీటు రేకు కంపనాన్ని ఆపుతుంది, గాలి మోతను ఆపదు. గుడ్డ కప్పుకు దాన్ని ఎక్కడ అంటిస్తారు? డోర్లకు, చక్రాల పైభాగానికి వేయించుకుంటే కొంత మేలు. ఉన్న డబ్బంతా దానికే పోయకండి.

నీలికొండ
నాది జిమ్నీ, గట్టి పైకప్పు. అయినా సబ్‌వూఫర్ పెట్టాకే తేడా తెలిసింది. సీటు కింద పెట్టించాను. మరో మాట, శబ్దంతో పోటీపడి వాల్యూమ్ పెంచుతూ పోకండి. 85 డెసిబెల్‌ల దగ్గర చెవికి ఎనిమిది గంటలు హద్దు అంటారు. అక్కడి నుంచి మూడు డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారీ ఆ గడువు సగమవుతుంది. వెనక పెద్దవాళ్లు ఉన్నారు కదా.

ఓం సూత్రం
థార్‌లో సీటు కిందా? ఆ బండి నేల కడుక్కోవడానికి వీలుగా చేసింది, నీళ్లు పోవడానికి అడుగున బిరడాలు ఉంటాయి. 650 మిల్లీమీటర్ల నీటిలోంచి దాటుతుందని కంపెనీయే చెబుతుంది. అలాంటి నేల మీద కరెంటు పెట్టె పెట్టమనే సలహా ఎవరిదో చూడండి. వాగు దాటాక ఆ సబ్‌వూఫర్‌లో చేపలు పెంచుకోవచ్చు.

ఇంకో సంగతి. పాత డీజిల్ గారు కప్లర్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ సబ్‌వూఫర్‌కు పాట ఎక్కడి నుంచి వస్తుంది? స్పీకరు వైరు మీద తోలు గీకి, అతుకు వేసి, టేపు చుట్టడమేనా?

పాత డీజిల్
నేల మీద పెట్టమని నేను అనలేదు, పైన చదవండి. వెనక పక్క గోడకు, నీటిమట్టానికి పైన, ఇనుప పట్టీతో బిగించుకోవచ్చు. కొంచెం సామాను చోటు పోతుంది. కోన్ కాగితంది కాకుండా పాలీప్రొపిలీన్‌ది అడిగి తీసుకోవాలి, సాఫ్ట్ టాప్‌లోకి జల్లు కొడుతుంది కాబట్టి.

అతుకు గురించి అడిగారు. అవును, వేస్తాం. వైర్ల కొసలకు సరైన స్లీవు వేసి, క్రింపు కొట్టి (నొక్కి బిగించి), పైన వేడికి ముడుచుకునే ట్యూబు ఎక్కిస్తే ఆ అతుకు బండి కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. టేపు చుట్టేవాళ్లూ ఉన్నారు, కాదనను. మీరు కొనే కప్లర్ హార్నెస్‌లో కూడా ఎవరో ఒకరు ఎక్కడో క్రింపు కొట్టే ఉంటారు. కనబడని చెయ్యి కాబట్టి నమ్ముతున్నారు.

లోన్ స్టార్ జీపు
డాలస్ నుంచి. ఇక్కడ జీప్ రాంగ్లర్‌లో కూడా కొన్ని స్పీకర్లు తలమీద బార్‌లోనే ఉంటాయి. డోర్లు ఊడదీసి తిరిగే బండి కదా, డోర్లలో ఎలా పెడతారు? జేఎల్ రాంగ్లర్‌లో ఆల్పైన్ సిస్టమ్ తీసుకుంటే తొమ్మిది స్పీకర్లు, తడిసినా తట్టుకునే సబ్‌వూఫర్, 552 వాట్ల యాంప్లిఫయర్. పైకప్పు తీసేసినా పాట నిలబడుతుంది. వాట్లు అక్కరలేదంటే నేను నమ్మను.

ఓం సూత్రం
552 అన్నది తొమ్మిది స్పీకర్లకు కలిపి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్‌లు. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్ల శక్తి కావాలి. అంతకన్నా సున్నితత్వం ఎక్కువున్న స్పీకర్లు, అంటే అవే వాట్లకు ఎక్కువ మోగేవి, వెతకండి. 87 డెసిబెల్‌ల స్పీకరు తీసి 93 ఉన్నది పెడితే యాంప్లిఫయర్‌ను నాలుగు రెట్లు చేసినట్టే. ఇది షాపువాళ్లు చెప్పరు, ఎందుకంటే ఇందులో యాంప్లిఫయర్ అమ్ముడుపోదు.

పాత డీజిల్
పై పోస్టులో యాంప్లిఫయర్ పెట్టుకోమన్నది మీరే.

గేరు లీవరు
:)

అడవిబాట
అందరికీ ఒక మనవి. మారేడుమిల్లి అయినా, నల్లమల అయినా, అడవిలోకి వెళ్లాక ఆపేయండి. ఎన్ని వాట్లు ఉన్నా సరే. మన్ననూరు నుంచి దోర్నాల దాకా రాత్రి తొమ్మిది దాటితే బండ్లను వదలనిది జంతువుల కోసమే. పగలు వెళ్లినా వాటికి చెవులు ఉంటాయి. వాగు ఒడ్డున డోర్లన్నీ తెరిచి పాటలు పెట్టి చిందులు వేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎర్రమట్టి
అడవిలో పెట్టం అండీ, హైవే కోసమే అడిగాను. ఓం సూత్రం గారూ, వైరు కోయించవద్దని అంత గట్టిగా ఎందుకు అంటున్నారు? వారంటీ కోసమేనా?

ఓం సూత్రం
వారంటీ ఒక్కటే కాదు. నా పాత బండి కథ చెప్తాను. కంపెనీ పేరు, షాపు పేరు చెప్పను. హైవే పక్కన మంచి పేరున్న షాపు. యాంప్లిఫయర్ పెట్టించాను. బ్యాటరీ నుంచి కేబుల్ లోపలికి తేవడానికి రేకులో రంధ్రం చేశారు, దానికి రబ్బరు గ్రోమెట్ (కేబుల్ రేకు అంచుకు ఒరుసుకోకుండా ఆపే రింగు) వేయలేదు. ఫ్యూజు బ్యాటరీ దగ్గర కాకుండా యాంప్లిఫయర్ దగ్గర పెట్టారు. వికారాబాద్ అనంతగిరి కొండల్లో గతుకుల దారి మీద ఊగి ఊగి కేబుల్ తోలు కోసుకుపోయింది. డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ. వెనక సీట్లో నా కూతురు నిద్రపోతోంది. ఫ్యూజు ఉంది, కానీ షార్ట్ బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్యలోనే జరిగితే ఫ్యూజు ఏం చేస్తుంది? తర్వాత చూస్తే ఆ కేబుల్ రాగి కూడా కాదు, అల్యూమినియం తీగకు రాగి పూత. సర్వీసు సెంటరు వాళ్లు వైరింగ్ మొత్తం వారంటీ బయటికి తోసేశారు. షాపుకు వెళితే "మా పని కాదు సార్, తర్వాత ఎవరో ముట్టుకున్నారు" అన్నారు.

అందుకే చెప్తున్నాను. ఈ వైరు కోసేవాళ్లకు బండి ఇవ్వకండి.

పాత డీజిల్
మీ పాప క్షేమంగా ఉన్నందుకు సంతోషం. అయితే మీరు చెప్పిన తప్పులు చూడండి. గ్రోమెట్ లేదు, ఫ్యూజు తప్పు చోట ఉంది, కేబుల్ నకిలీ. మూడింటిలో ఒక్కటి కూడా స్పీకరు వైరు కోయడం వల్ల కాదు. మీ కప్లర్ హార్నెస్ పెట్టినా యాంప్లిఫయర్‌కు మామూలుగా బ్యాటరీ కేబుల్ లాగాల్సిందే, రేకులోంచి లోపలికి తేవాల్సిందే. అప్పుడూ గ్రోమెట్ లేకపోతే పొగ వచ్చేది. మరి కోపం కప్లర్ మీదికి ఎలా మళ్లింది?

ఓం సూత్రం
కప్లర్ వాడే షాపు గ్రోమెట్ కూడా వేస్తుంది కాబట్టి. శ్రద్ధ ఒకచోట ఉంటే అన్నిచోట్లా ఉంటుంది. టేపు చుట్టే చెయ్యి అన్నిటికీ టేపే చుడుతుంది. మీరు ఇంతగా వెనకేసుకొస్తున్నారంటే మీకూ షాపు ఉన్నట్టుంది.

పాత డీజిల్
ఉంది. ఖమ్మంలో. ఆటో ఎలక్ట్రీషియన్‌ని. అంబాసిడర్‌కు డైనమో తిప్పిన కాలం నుంచి ఇదే పని. దాచుకోవడానికి ఏముంది, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఇక్కడ ఏమీ అమ్మడం లేదు కూడా, ఆయన ఉన్నది రాజమహేంద్రవరంలో.

ఒక మాట అడుగుతాను. మీకు నిజంగా భయం వైరు మీదా, నా వంటివాడి మీదా? "వైరు కోసేవాళ్లు" అన్నారు. కొత్త బండ్లలో స్టీరింగ్ మీటల నుంచి రివర్స్ కెమెరా దాకా అన్నీ ఒకే స్క్రీనుకు ముడిపెట్టారు, దాని కంప్యూటర్‌కు తెలియకుండా బల్బు కూడా మార్చలేని రకాలు వస్తున్నాయి. ఒకప్పుడు హెడ్ యూనిట్ మార్చడం అరగంట పని. ఇప్పుడు ఆ కప్లర్ ఒక్కటే వేలల్లో, అదీ ఊళ్లో దొరకదు, తెప్పించుకోవాలి. మీరేమో కప్లర్ లేనివాడు దొంగ అంటున్నారు. నా దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు కుర్రాళ్లలో ఇద్దరు సెల్‌ఫోన్ షాపుల్లో చేరిపోయారు.

నీలికొండ
ఓం సూత్రం గారూ, "వైరు కోసేవాళ్లు" అన్నమాట వెనక్కి తీసుకుంటే బాగుంటుంది.

ఓం సూత్రం
తీసుకోను. ఎందుకో చెప్తాను. నాకు చేతిపని మీద చులకన లేదు, మా నాన్న లేత్ మిషన్ మీద పనిచేసి మమ్మల్ని చదివించారు. నాకు కావలసింది బిల్లు. ఏ కేబుల్ వేశారు, ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు వేశారు, ఎవరు చేశారు అని రాసిన కాగితం. కంపెనీ షాపు తప్పుచేస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి నా చేతిలో ఆధారం ఉంటుంది. మీలాంటి షాపులో పొగ వస్తే నేను ఏ కాగితం పట్టుకుని వెళ్లాలి? నా కేసులో అదే జరిగింది. "మా పని కాదు" అనగానే నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు.

పాత డీజిల్
ఇప్పుడు అసలు సంగతి బయటికి వచ్చింది. మూడు రోజులుగా వాట్లు, ఓమ్‌లు చెప్పారు, ఈ మాట మొదట్లోనే అంటే సరిపోయేది.

బిల్లు ఇస్తాను సార్. ఇవ్వబోతే వద్దనేది ఎవరు? "18 శాతం పన్ను ఎందుకు, మామూలుగా చేసేయండి" అని కౌంటర్ దగ్గర అడిగేది కారు యజమానే. రాగి కేబుల్ చూపించి ధర చెబితే "పక్క షాపులో సగానికే ఇస్తున్నాడు" అనేదీ ఆయనే. పక్కవాడు ఇచ్చేది అల్యూమినియం అని చెబితే నమ్మరు. చాకుతో గీకి లోపలి తెల్లని లోహం చూపిస్తే, "ఆ, ఏముందిలే, పాటే కదా" అంటారు. మీ షాపులో మీరు బిల్లు అడిగారా?

గేరు లీవరు
ఓం సూత్రం గారి జవాబు కోసం ఎదురుచూస్తున్నాను.

ఓం సూత్రం
అది ఇక్కడ ప్రశ్న కాదు. బిల్లు అడిగినా అడగకపోయినా గ్రోమెట్ వేయడం పనివాడి ధర్మం. ఇక 552 వాట్ల విషయానికి వస్తే, అది నిరంతర శక్తి కాదని నా గట్టి అభిప్రాయం.

లోన్ స్టార్ జీపు
552 గురించి ఇప్పుడు ఎవరు అడిగారండీ!

అడవిబాట
గ్రోమెట్ విషయంలో ఓం సూత్రం గారిదే న్యాయం. మిగతాదానిలో పాత డీజిల్ గారిది.

ఎర్రమట్టి
నాకు అర్థమైంది ఇది. ఇప్పటికి పైన స్పీకర్లు అలాగే ఉంచి, యాంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్ ఒకటి వెనక గోడకు, నేలకు ఎత్తుగా. డోర్లకు మాత్రం డ్యాంపింగ్ షీటు. కేబుల్ రాగిదే, బిల్లుతోనే. పాత డీజిల్ గారూ, భద్రాచలం వెళ్లే పని ఎలాగూ ఉంది, అక్కడి నుంచి ఖమ్మం వస్తే మీరు చేస్తారా?

పాత డీజిల్
రండి. పొద్దున్నే వస్తే సాయంత్రానికి అయిపోతుంది. కప్లర్ దొరికితే తెప్పించి ఉంచుతాను, దొరకకపోతే అతుకు వేస్తాను. ఏ పద్ధతో ముందే ఫోనులో చెప్తాను, నచ్చకపోతే రావద్దు. బిల్లు మీద కేబుల్ మందం, ఫ్యూజు ఆంపియర్లు రాసి సంతకం పెడతాను. పన్ను తీసేయమని మాత్రం అడగకండి.

ఓం సూత్రం
ఫ్యూజు బ్యాటరీకి జానెడు, మహా అయితే రెండు జానల దూరంలో ఉండాలి. పని అయ్యాక దాని ఫొటో, రంధ్రంలో గ్రోమెట్ ఫొటో ఇక్కడ పెట్టండి.

పాత డీజిల్
పెడతాను. క్రింపు ఫొటో కూడా పెడతాను.