రాధిక సినిమాలు లేక సీరియల్స్‌కి వచ్చిందా, కావాలనే వచ్చిందా? పిన్ని చూసినవాళ్ళు చెప్పండి

గోధుమరంగుకుక్క: నిన్న ఇంట్లో చిన్న గొడవ అయింది. టీవీలో స్వాతిముత్యం వస్తుంటే మా అమ్మ రాధికని చూసి "పిన్ని వచ్చింది" అంది, నేను నవ్వి పాపం ఛాన్సులు తగ్గాక సీరియల్స్‌లోకి దిగిపోయుంటుందిలే అన్నా. అంతే, గరిట పట్టుకుని వచ్చేసింది! జెమినీలో పిన్ని వచ్చే టైంకి మా వీధిలో పొయ్యి మీద పాలు పొంగినా ఎవరూ లేచేవాళ్ళు కాదట. నేనప్పటికి పుట్టలేదు. నిజంగా అంత సీన్ ఉండేదా? కమల్ హాసన్ పక్కన విశ్వనాథ్ గారి సినిమా చేసిన మనిషి డైలీ సీరియల్ ఎందుకు చేసినట్టు?

కాఫీకప్పు_74: మీ అమ్మగారిదే రైటు. ముందొక మాట, పిన్ని తెలుగు సీరియల్ కాదు, 1999 చివర్లో సన్ టీవీలో మొదలైన చిత్తి, మనకి డబ్బింగ్‌లో వచ్చింది. పెదాలు ఒకటి చెప్తుంటే మాట ఇంకోటి వినపడేది, అయినా ఎవడూ పట్టించుకోలేదు. తమిళంలో చిత్తి అన్నా మన పిన్ని అన్నా అమ్మ చెల్లెలూ అవుతుంది, నాన్న రెండో పెళ్ళి చేసుకుంటే వచ్చినావిడనీ అలాగే పిలుస్తాం కదా, కథంతా ఆ రెండో అర్థం మీదే. సవతి తల్లి అనగానే పిల్లల్ని వాతలు పెట్టే మనిషిని చూపించే రోజుల్లో భర్త మొదటి భార్య కూతుర్ని సొంత కూతురిలా చూసుకునే శారద అన్నమాట. మా అత్తయ్య వాళ్ళది రెండో పెళ్ళి ఇల్లు, ఆవిడ ఒక్క ఎపిసోడ్ కూడా వదిలేది కాదు, ఎందుకో నాకు చాలా ఏళ్ళకి గానీ వెలగలేదు.

ఇంకో తమాషా, 1992 స్వాతికిరణంలో కూడా రాధిక పాత్ర పేరు శారదే. అక్కడా కడుపున పుట్టని పిల్లాడికి తల్లయింది. మమ్ముట్టి, ఆ పిల్లాడి పాటలు గుర్తు పెట్టుకుంటాం గానీ పిల్లాడి పాట మీద మొగుడు మమ్ముట్టి అసూయ చూస్తూ నోరు తెరవలేక ఆవిడ మొహంలో పడే నరకం ఉంది చూడండి, నాకైతే సినిమా అంటే అదే.

సన్నజాజి_తీగ: ఇద్దరూ స్వాతిముత్యం, స్వాతికిరణం దగ్గరే ఆగిపోయారు. న్యాయం కావాలి (1981) ఎవరూ చూడలేదా?? చిరంజీవి మోసం చేస్తే కోర్టుకి ఈడ్చే అమ్మాయి. తర్వాత అభిలాష, యమకింకరుడు, పట్నం వచ్చిన పతివ్రతలు... ఒక టైంలో చిరు పక్కన రాధిక అంటే మామూలు విషయం అయిపోయింది. 1978లో భారతీరాజా తమిళ సినిమాతో మొదలెట్టింది, పదహారేళ్ళు కూడా నిండలేదు అప్పటికి. నాన్న ఎం.ఆర్. రాధా తమిళంలో పెద్ద నటుడు, 1967లో ఎంజీఆర్ మీద కాల్పుల కేసులో జైలుకెళ్ళింది ఆయనే. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్ల ఎవరికీ భయపడదు అని మా నాన్న అనేవాడు.

రిమోట్_నాదే: ఎవరేమన్నా హీరోయిన్లకి వయసైతే అమ్మ వేషం, లేదంటే సీరియల్. రాధిక కూడా అంతే. 37 ఏళ్ళకి మెయిన్ హీరోయిన్ రోల్ ఎవడిస్తాడు.

పాతయాడ్స్_మనిషి: @రిమోట్_నాదే రోల్ ఎవడో ఇవ్వాలి అనుకుంటున్నారు చూశారా, అక్కడే పప్పులో కాలేశారు. పిన్నిలో ఆవిడకి రోల్ ఇచ్చింది ఆవిడే. సీరియల్ తీసిన రాడాన్ ఆవిడ సొంత కంపెనీ. నేను యాడ్స్ అమ్మే పనిలో కొన్నేళ్ళున్నా కాబట్టి చెప్తున్నా. అప్పట్లో సన్ వాళ్ళ పద్ధతి ఏంటంటే ప్రొడ్యూసరే ఛానల్‌కి డబ్బు కట్టి స్లాట్, అంటే సీరియల్ వచ్చే ఆ అరగంట టైం, తీసుకోవాలి, బదులుగా ఆ అరగంటలో కొన్ని నిమిషాల యాడ్ టైం ప్రొడ్యూసర్‌కి వస్తుంది, అది సబ్బులోళ్ళకో టీపొడోళ్ళకో అమ్ముకోవాలి. సీరియల్ ఆడితే పంట, ఆడకపోతే స్లాట్ డబ్బు మునిగినట్టే. జెమినీ కూడా అదే గ్రూప్‌ది, తీసిన సీరియల్‌కి తెలుగు డబ్బింగ్ ఖర్చు తప్ప ఇంకేం పెద్దగా ఉండదు. అంటే పొద్దున కెమెరా ముందు ఏడ్చిన మనిషే మధ్యాహ్నం లెక్కలు చూసుకునేది. ఆ కంపెనీ షేర్ మార్కెట్‌లో కూడా లిస్ట్ అయింది. ఛాన్సుల్లేక వచ్చినోళ్ళు చేసే పనా ఇది?

చిత్తి తర్వాత అణ్ణామలై, సెల్వి, అరసి, చెల్లమే, 2013 నుంచి 2018 దాకా వాణి రాణి. ఆ చివరిదాంట్లో లాయరు, గృహిణి రెండూ తనే, 1700 పైగా ఎపిసోడ్లు. దాదాపు ఇరవై ఏళ్ళు ఒకే ఛానల్ ప్రైమ్ టైం.

కాకపోతే నాకు నచ్చనిదొకటుంది. ఈ డబ్బింగ్ సీరియల్స్ వల్ల ఇక్కడి ఆర్టిస్టులకి, టెక్నీషియన్లకి పని పోయింది, తర్వాత వాళ్ళు రోడ్డెక్కి గొడవ చేశారు కూడా. తప్పు రాధికది అనను, కానీ మనం పిన్ని చూస్తూ కూర్చున్న అరగంటలో ఇక్కడ ఒక యూనిట్‌కి పని లేదు.

రిమోట్_నాదే: సరే బాసూ ఒప్పుకున్నా. స్లాట్ సంగతి తెలీదు.

సన్నజాజి_తీగ: సినిమా నిర్మాత కూడా అంతకుముందే అయింది, 1985లో ప్రతాప్ పోతన్ డైరెక్షన్‌లో తమిళ సినిమా తీస్తే తొలి సినిమా విభాగంలో నేషనల్ అవార్డు వచ్చింది. ఎలక్షన్లు మాత్రం కలిసిరాలేదు, 2024లో విరుదునగర్‌లో బీజేపీ తరఫున నిలబడి ఓడిపోయింది.

గోధుమరంగుకుక్క: ఇదంతా అమ్మకి చదివి వినిపించా. షేర్లు, స్లాట్లు ఏవీ ఎక్కలేదు. "డబ్బింగ్ ఏంట్రా, నేను చూశా కదా, శుభ్రంగా తెలుగులోనే మాట్లాడేది" అంటోంది. 2020లో చిత్తి 2 కూడా మొదలైందట, ఏడాదికే రాధిక అందులోంచి తప్పుకుందట అని చెప్తే మాత్రం "మరి పిన్ని లేకుండా పిన్ని ఏంటి" అని మళ్ళీ గరిట తీసింది. పాత పిన్ని తెలుగు ఎపిసోడ్లు ఎక్కడైనా దొరుకుతాయా ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఇంట్లో ప్రశాంతత కావాలి.