చలికి పొద్దున్నే సెల్ఫ్ టిక్ టిక్ అంటోంది, బ్యాటరీ మార్చేయాలా?

చింతపల్లి_మాస్టారు:
నా పోస్టింగ్ లంబసింగి దగ్గర. బండి 125 సీసీ, బీఎస్6, 2021 మోడల్. పోయిన ఏడాది సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కిక్ లేదు. అద్దింటికి షెడ్డు లేదు, బండి రాత్రంతా మంచులోనే. పొద్దున్న ఆరున్నరకి సీటు మీద చెయ్యి పెడితే తడి గోనెసంచి ముట్టుకున్నట్టు ఉంటుంది. కీ తిప్పితే డయల్ వెలుగుతుంది. సెల్ఫ్ నొక్కగానే ఆరిపోతుంది, సీటు కింద టిక్ టిక్ టిక్. డయల్‌లో గడియారం మళ్ళీ మొదటికొస్తుంది. మధ్యాహ్నం ఎండెక్కాక అదే బండి ఒక్క నొక్కుకే అందుకుంటుంది. మొన్న పిల్లలు పల్లంలో తోస్తే స్టార్ట్ అయింది, నిన్న అదీ లేదు. నర్సీపట్నంలో ఒకాయన సీటు కూడా తీయకుండానే "బ్యాటరీ పోయింది సార్, కొత్తది వేసేద్దాం" అన్నాడు. వేసేయమంటారా?

రాజమండ్రి_వాసు:
ఆగండి మాస్టారూ. ఇరవై ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్నాను, సీటు తీయకుండా బ్యాటరీ పోయిందని నేనైతే చెప్పలేను. ఆ టిక్ టిక్ సెల్ఫ్ రిలేది, అంటే సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్‌ది. మోటారు తిప్పేంత కరెంటు అందక రిలే పట్టడం, వదిలేయడం. బ్యాటరీ దిగి ఉండొచ్చు, టెర్మినల్ వదులై ఉండొచ్చు. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనండి, మూడు రీడింగులు పెట్టండి. పొద్దున్న కీ తిప్పకముందు ఎంత, సెల్ఫ్ నొక్కుతుండగా ఎంతకి పడుతోంది, స్టార్ట్ అయ్యాక కాస్త రేజ్ చేస్తే ఎంత. మొదటిది 12.6 వోల్టుల పైన ఉండాలి. రెండోది తొమ్మిదిన్నర కిందికి పోకూడదు. మూడోది పదమూడున్నర, పద్నాలుగున్నర మధ్య.
తోస్తే అందుకోకపోవడం వింతేం కాదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి పెట్రోల్ పంపూ, ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్ ఈసీయూ, రెండూ బ్యాటరీ మీదే బతకాలి.

ఆసిఫాబాద్_అన్వర్:
సార్, ముందుగాల టెర్మినల్ చూడుండ్రి. మాది సిర్పూర్ దిక్కు, డిసెంబర్ల చలి మీకు తెల్వంది కాదు. పోయినేడు నాది గూడ గిట్లనే సతాయించింది. బ్యాటరీ మార్పిచ్చిన, మళ్ళ అదే లొల్లి. తీరా జూస్తే మైనస్ నట్టు వేలితోనే తిరుగుతున్నది! ప్లస్ మీద ఉప్పు లెక్క తెల్లగ పేరుకున్నది. వేడినీళ్ళల్ల జర సోడా ఉప్పు కలిపి పాత టూత్‌బ్రష్‌తోని రుద్దిన, తుడిచి ఆరబెట్టి, నట్టు బిగించినంక పైన వాజిలిన్ పూసిన. అంతే, ఖతం. కొత్త బ్యాటరీ పైసలు ఊకె పోయినయ్. విప్పేటప్పుడు ముందుగాల మైనస్, పెట్టేటప్పుడు మైనస్ ఆఖరికి. లేకుంటె పానా ఫ్రేముకు తగిలి నిప్పులు లేస్తయ్.

పాతబండి_శర్మ:
ఆ కిక్ రాడ్ తీసేసినవాళ్ళని అనాలి. నా పాత బండికి స్పార్క్ మాగ్నెట్ నుంచే వస్తుంది, బ్యాటరీ చచ్చినా కిక్‌కి కదుల్తుంది. చలిలో కీ ఆఫ్‌లో ఉంచి నాలుగైదు కిక్కులు కొట్టి, చిక్కబడ్డ ఆయిల్ కదిలాక చోక్ లాగి అసలు కిక్ కొడతాను. మీరూ చోక్ లాగి చూడండి.

రాజమండ్రి_వాసు:
శర్మగారూ, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి చోక్ ఎక్కడిదండీ? చలిని సెన్సార్ కనిపెట్టి పెట్రోల్ తనే పెంచుకుంటుంది. మాస్టారూ, కీ ఆన్ చేసి పంపు "జుయ్‌య్" మని ఆగేదాకా ఓ రెండు మూడు సెకన్లు ఆగండి. అప్పుడు సెల్ఫ్, అదీ ఐదు సెకన్లకి మించకుండా. పట్టకపోతే పది పదిహేను సెకన్లు వదిలేసి మళ్ళీ.

స్పీడ్_సతీష్:
బ్రో సింపుల్, మూతలు తీసి కొంచెం యాసిడ్ పోసేయ్. మా ఊళ్ళో అందరూ అదే చేస్తారు.

రాజమండ్రి_వాసు:
ఎవరూ పోయొద్దు! మూతలున్న పాతరకం బ్యాటరీలో తగ్గేది నీళ్ళు, యాసిడ్ కాదు. లోయర్ గీత దగ్గరికొస్తే అప్పర్ గీత దాకా డిస్టిల్డ్ వాటర్, అంతే. కొళాయి నీళ్ళు కూడా వద్దు. మాస్టారుది సీల్డ్ బ్యాటరీయే అయ్యుంటుంది, దాన్ని విప్పే పనే లేదు.

చింతపల్లి_మాస్టారు:
మీటర్ తెచ్చాను. టెర్మినల్స్ శుభ్రంగానే ఉన్నాయి, బిగించాను. పొద్దున్న 12.1. సెల్ఫ్ నొక్కితే 8.8. మధ్యాహ్నం స్టార్ట్ చేసి రేజ్ చేస్తే 14.1. బడి ఇంటికి మూడు కిలోమీటర్లు, అంతకంటే తిరిగేది లేదు.

రాజమండ్రి_వాసు:
14.1 అంటే ఛార్జింగ్ బాగుంది. 12.1 అంటే సగం కూడా లేదు. మూడు కిలోమీటర్లకి సెల్ఫ్ తాగిందే తిరిగి నిండదు. పైగా 2017 తర్వాత బళ్ళకి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కదా. ఇక చలికి బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది, ఇంజిన్ ఆయిల్ బరువెక్కుతుంది. ఇటు బలం తగ్గి అటు పని పెరిగింది. అసలు దాన్ని తినేది మే నెల ఎండ, బయటపడేది డిసెంబర్‌లో.
ముందు బయట ఛార్జ్ పెట్టించండి. 4 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత పట్టగలదో చెప్పే లెక్క) బ్యాటరీకి 0.4 ఆంపియర్, రాత్రంతా. కారు బ్యాటరీలకి పెట్టే పెద్ద ఛార్జర్ తగిలించనివ్వకండి, ఉడికిపోతుంది. తీశాక పన్నెండు గంటలు ఊరికే ఉంచి చూడండి. 12.6 నిలిస్తే బతికినట్టే.

కాల్గరీ_తెలుగోడు:
ఇక్కడ కెనడాలో నవంబర్ నుంచి బండి మూలకే. బ్యాటరీ తీసి ఇంట్లో అలమారాలో పెట్టి, నిండగానే తనే తగ్గించుకునే చిన్న ఛార్జర్‌కి తగిలిస్తాను. నిండా ఛార్జ్ ఉన్నది ఇక్కడి మైనస్ ముప్ఫైకి కూడా గడ్డకట్టదు. దిగిపోయినదాన్ని గరాజ్‌లో వదిలేస్తే మంచుగడ్డై డబ్బా పగిలింది, నాకే జరిగింది. మీకు అంత చలి లేదు, కానీ రాత్రికి తీసి లోపల పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

ఆసిఫాబాద్_అన్వర్:
ఆయిల్ గూడ చూడుండ్రి సార్. డబ్బా మీద 10డబ్ల్యు ఉంటె చలిల పల్చగ పారుతది, 20డబ్ల్యు ఉంటె మందంగుంటది. బండి పుస్తకంల ఏది రాస్తే గదే పోయాలె.

చింతపల్లి_మాస్టారు:
ఛార్జ్ పెట్టించాను. పన్నెండు గంటల తర్వాత 12.7! బుధ, గురు, శుక్రవారాలు దివ్యంగా స్టార్ట్ అయింది. శనివారం బస్సులో ఇంటికెళ్ళి వచ్చాను. సోమవారం పొద్దున్న మళ్ళీ టిక్ టిక్, 12.0. ఆలోచిస్తే, అన్ని వారాలూ సోమవారమే మరీ అధ్వాన్నం.

రాజమండ్రి_వాసు:
అలా చెప్పండి! బండి ఆగి ఉన్నప్పుడు ఏదో తాగుతోంది. కీ ఆఫ్ చేసి, మైనస్ వైరు విప్పి, వైరుకీ టెర్మినల్‌కీ మధ్య మీటర్ పెట్టండి. ముందు పది ఆంపియర్ల సాకెట్‌లో, తక్కువ చూపిస్తే మిల్లీఆంప్స్‌లో. ఆ స్థితిలో సెల్ఫ్ ముట్టుకోకండి, మీటర్ ఫ్యూజు ఎగురుతుంది. ఒకటి రెండు మిల్లీఆంప్స్ మామూలే.

చింతపల్లి_మాస్టారు:
42 మిల్లీఆంప్స్. రోజుకి ఒక ఏహెచ్ అన్నమాట, నాది నాలుగే! వైరు పట్టుకుని వెళ్తే టెయిల్‌లైట్ వెనక నల్ల టేపు చుట్టి అగ్గిపెట్టెంత డబ్బా దొరికింది. జీపీఎస్ ట్రాకర్. పాత ఓనరు అప్పు మీద కొన్నప్పుడు పెట్టి ఉంటారు. అది పీకాక మీటర్‌లో 1. మళ్ళీ ఛార్జ్ పెట్టించాను. ఈ రోజు సోమవారం, మంచు కురుస్తోంది, ఒక్క నొక్కుకే అందుకుంది.

ఆసిఫాబాద్_అన్వర్:
అంటే గిన్నొద్దులు మీరు బడికి పోతున్నది ఎవలో ఫోన్ల సూస్తున్నట్టే సార్ 😄

చింతపల్లి_మాస్టారు:
చూసినా మూడు కిలోమీటర్లే కదయ్యా. వాసుగారూ, డయల్‌లో గడియారం ఇంకా తప్పే చూపిస్తోంది. సెట్ చేయడం ఎలాగండీ?