రామెన్‌లో ఎర్రకారం కలుపుకుంటే తప్పా?

ఎర్రనేల:
మా అనంతపురంలో కొత్తగా ఒక రామెన్ హోటల్ పెట్టారు, అదే, పులుసులో వేసిచ్చే జపాన్ నూడుల్స్. పేరు వద్దులే. ఆదివారం నలుగురం పోయినాం. గిన్నె 320 రూపాయలు. ఇద్దరికి సోయా రామెన్, నాకు మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) కలిపింది, మాంసం ముట్టని స్నేహితుడికి వెజ్. రెండు గుక్కలు తాగి మావాడొకడు "చప్పగా ఉందప్పా" అంటూ సర్వర్‌ని పిలిచి కారం అడిగాడు. ఆ పిల్లాడు లోపల తాము తినడానికి పెట్టుకున్న ఎర్రకారం, దోసెకు పూసేదే, తెచ్చిచ్చాడు. మావాడు రెండు చెంచాలు కలిపేశాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే ఇంకో స్నేహితుడికి ఒళ్లు మండింది. "దీనికి ఇంత దూరం ఎందుకు, ఉగ్గాని బండి కాడికి పోవాల్సింది" అన్నాడు. బిల్లు కట్టేదాకా ఇద్దరికీ మాటల్లేవు. మన నాలుకకు తగ్గట్టు మార్చుకోవడం తప్పా? నేనైతే కారం పక్షమే.

పుల్లలతో తింటా:
తప్పే. జపాన్‌లో సప్పోరో అంటే మిసో, హకాటా అంటే పంది ఎముకల పులుసు, టోక్యో అంటే సోయా. ఊరికో రుచి. గంటలకొద్దీ కాచిన పులుసులో ఎర్రకారం వేస్తే ఇక మిగిలేది వెల్లుల్లి, మిరపకాయ. ఎవరైనా వచ్చి మన సంగటిలో చక్కెర కలుపుకుంటే చూస్తూ ఊరుకుంటామా?

టవర్ క్లాక్ కాడ:
ఊరుకుంటాం. వాని సంగటి, వాని ఇష్టం.

అసలు రామెన్ జపాన్‌లో పుట్టిందా? నూడుల్స్ చైనావి. 1910లో టోక్యోలోని అసకుసాలో రైరైకెన్ అనే హోటల్ పెట్టినాయన యోకొహామా నుంచి చైనా వంటవాళ్లను తెచ్చుకున్నాడు. అప్పట్లో దాన్ని పిలిచిందే చైనా సోబా, అంటే చైనా నూడుల్స్ అని. జపాన్ వాళ్లు తమ సోయా, తమ చేపల రుచి కలుపుకుంటూ పోతే ఈ రామెన్ అయింది. వాళ్లు మార్చుకుంటే సంప్రదాయం, మనం మార్చుకుంటే పాపమా? అక్కడి హోటళ్లలో బల్ల మీద మిరప నూనె, మిరియాల పొడి, వెల్లుల్లి ఉంటాయి. ఎవరికి కావలసింది వారు వేసుకుంటారు.

కాకపోతే మీవాడు రెండు గుక్కలకే చెంచా ఎత్తడం తొందరపాటే.

ఇంకో మాట. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చాక ఇటు కొరియా తిండి కూడా అలవాటైంది. ఎర్రగా మండేది కొరియా వాళ్ల రామ్యన్. అది ఊహించుకుని పోతే జపాన్ గిన్నె చప్పగానే ఉంటుంది.

పాయా పక్షి:
అందరూ కారం చుట్టూ తిరుగుతున్నారు. నా అనుమానం పులుసు మీద. ఎర్రనేల అన్నా, తాగినాక పెదవులు అంటుకున్నాయా?

మన పాయా సంగతి తెలుసు కదా. కాళ్లు రాత్రంతా సన్న సెగ మీద ఉడికితే ఎముకల్లోని జిగురు దిగుతుంది, పొద్దున తాగితే పెదవికి పెదవి అతుక్కుంటుంది. హకాటా పంది ఎముకల పులుసూ అదే జాతి, కాకపోతే వాళ్లు పెద్ద మంట మీద మరిగించి పాలలా తెల్లగా చేస్తారు. కోడి ఎముకలతోనూ చేస్తారు. పని ఒకటే, సెగ వేరు. ఇక ఉప్పు. దాన్ని ఎముకల కుండలో వెయ్యరు. తారే అని చిక్కటి ఉప్పురసం చేసి గిన్నె అడుగున పోసి, పైన పులుసు పోస్తారు. తారే దగ్గర పిసినారితనం చేస్తే ఎంత కాచినా చప్పనే. మీవాడు కారం కాదు, ఇంకాస్త తారే అడగాల్సింది.

ఎర్రనేల:
అంటుకోలేదు! నూడుల్స్ కూడా ప్యాకెట్‌వి లాగే మెత్తగా ఉన్నాయి.

పాయా పక్షి:
అయితే అదీ సంగతి. రామెన్ పిండిలో క్షారపు నీళ్లు కలుపుతారు, కాన్సుయి అంటారు. ఆ పసుపు రంగు, పంటి కింద సాగే గుణం దానివే. చాలామంది గుడ్డు వేశారనుకుంటారు. ఆ కాన్సుయి లేకపోతే 320 పెట్టి తిన్నది సేమియా ఉప్మాకు చుట్టమే. కారం మార్చుకోండి, కూరగాయలు మార్చుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఎముకలు, పిండి దగ్గర దొంగదారి మాత్రం ఒప్పుకోను.

తులసమ్మ మనవడు:
ఆ వెజ్ గిన్నె సంగతి ఎవరూ అడగరేం? రామెన్ పులుసులో వాడే దాషి అనే రసంలో మామూలుగా ఎండు చేప తురుము ఉంటుంది. కొంబు అనే సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులతోనూ చెయ్యొచ్చు. ఏది పోశారో కనుక్కున్నారా?

ఎర్రనేల:
ఇప్పుడే ఫోన్ చేశాను. నాచు, పుట్టగొడుగులే అన్నారు. నా మిసో కలిపిన గరిటెతోనే కలిపారా అని అడగడం మర్చిపోయా. మా వెజ్ స్నేహితుడికి ఈ చర్చ లింకు పంపకండి దయచేసి.

పుల్లలతో తింటా:
సరే, ఒక మెట్టు దిగుతా. కారం తప్పనిసరి అనుకుంటే తాంతాన్‌మెన్ అనే కారం రామెన్ అడగండి. అదీ చైనా నుంచి పోయిందే, నువ్వుల ముద్ద, మిరప నూనెతో చేస్తారు. చెనిక్కాయలు పండే ఊరు మీది, నువ్వుల బదులు వేయించిన చెనిక్కాయల ముద్ద వేస్తే నేనే బస్సెక్కి వస్తా.

ఎర్రనేల:
ఆ మాట హోటల్ ఓనరుకు చెప్పా, నవ్వాడు. వచ్చే ఆదివారం మళ్లీ నలుగురం పోతున్నాం. సగం గిన్నె ఉత్తగా తిన్నాకే ఎర్రకారం ముట్టాలని బెంగళూరు వాడి షరతు. అట్లయితే బిల్లు వాడే కట్టాలని కారం వాడి షరతు.