షాపులో ట్యాలీ, గొడౌన్‌లో కెమెరాలు: 6 వేలలో వీపీఎన్ రూటర్ ఏది కొనమంటారు?

మేత_షాపు_పాలకొల్లు:
నమస్కారమండి. పాలకొల్లులో రొయ్యల మేత షాపు మాది, ఇల్లు నరసాపురం. రాత్రిపూట ఇంటి నుంచి షాపు సిస్టంలో ట్యాలీ చూసుకోవాలి, గొడౌన్ కెమెరాల డీవీఆర్ కూడా చూడాలి. రూటర్‌లో పోర్టు (బయట నుంచి లోపలికి వచ్చే దారి) ఓపెన్ చేసి వదిలేస్తే ఎవడో ఒకడు దూరతాడని మా బావమరిది అన్నాడు. అందుకే వీపీఎన్, అంటే ఇంటి నుంచి షాపు నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొంత దారి, ఉన్న రూటర్ కావాలి. బడ్జెట్ 6 వేలు.

వశిష్ఠ_వైర్లు:
టీపీ-లింక్ ఈఆర్605 చూడండి. వైఫై ఉండదు, దానికి పాత రూటర్ ఉంచుకోండి. వీపీఎన్ పద్ధతుల్లో ఐపీసెక్, ఓపెన్‌వీపీఎన్ ఉన్నాయి, వెర్షన్ 2లో కొత్త ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) వేస్తే వైర్‌గార్డ్ కూడా వస్తుంది. వైర్‌గార్డే వాడండి, చవక రూటర్ల ప్రాసెసర్ మీద ఓపెన్‌వీపీఎన్ బాగా నెమ్మది.

రావులపాలెం_రాజు:
డబ్బా మీద వీపీఎన్ అని ఉంటే నమ్మకండి. నేను అలాగే కొన్నాను, తీరా చూస్తే అందులో ఉన్నది పాస్‌త్రూ మాత్రమే, అంటే లోపలి సిస్టం వాడే వీపీఎన్‌ని బయటికి వదులుద్ది అంతే, బయట నుంచి మనం లోపలికి రావాలంటే సర్వర్ ఉండాలి, అది లేదు. షాపువాడు వెనక్కి తీసుకోలేదు.

వశిష్ఠ_వైర్లు:
నేను చెప్పినదాంట్లో సర్వర్ ఉందండి.

రావులపాలెం_రాజు:
ఉందనే నాకూ చెప్పారు.

కోనసీమ_కుర్రోడు:
లైన్ సీజీన్యాట్‌లో, అంటే చాలామంది కస్టమర్లకి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్ అడ్రస్) ఇచ్చే పద్ధతిలో, ఉందో లేదో ఎవరూ అడగరేంటి?

వశిష్ఠ_వైర్లు:
రాజు గారూ, స్పెసిఫికేషన్ పేజీ చదవకుండా కొని, ఇప్పుడు అన్ని రూటర్లనీ తిడితే ఎలా? పాస్‌త్రూ వేరు, సర్వర్ వేరు అని మీరే అంటున్నారుగా.

రావులపాలెం_రాజు:
చదవలేదని మీరెలా అంటారండీ? సరే, మొత్తం చెప్తాను. తర్వాత సర్వర్ ఉన్నదే కొన్నాను, ఒక కుర్రాడు వచ్చి సెట్ చేశాడు, ఏడాది బాగానే నడిచింది. వాడు కువైట్ వెళ్లిపోయాడు, అడ్మిన్ పాస్‌వర్డ్ వాడి దగ్గరే ఉండిపోయింది. తుఫానుకి కరెంటు పోయి వచ్చాక కనెక్ట్ అవ్వలేదు, రీసెట్ కొడితే సెట్టింగులన్నీ పోయాయి. అరటి గెలల సీజన్‌లో వారం రోజులు లెక్కలన్నీ ఫోన్లోనే. 6 వేల పెట్టె చవకే, దాన్ని బాగుచేసేవాడు చవకా?

వశిష్ఠ_వైర్లు:
ఇది ముందే చెప్పొచ్చుగా! ఇప్పటిదాకా మనం పాస్‌త్రూ గురించి కొట్టుకున్నాం. ఆ కుర్రాడు చేసింది తప్పు, ఒప్పుకుంటాను. నేను ఎవరికి పెట్టినా కాన్ఫిగ్ బ్యాకప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి వస్తాను. అలాగని రూటర్ వద్దు అంటే ఒప్పుకోను.

అత్తిలి_అకౌంట్స్:
ట్యాలీ కోసం ఆ సిస్టం ఎలాగూ ఆన్‌లో ఉండాలిగా, దాంట్లోనే టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ యాప్ వేస్తే కొత్త రూటర్ అక్కర్లేదు, సీజీన్యాట్ ఉన్నా నడుస్తుంది. డీవీఆర్ కావాలంటే అదే సిస్టంని సబ్‌నెట్ రూటర్‌గా, అంటే అక్కడి మిగతా పరికరాలకి కూడా దారి ఇచ్చేలా, పెట్టాలి. ఇంకో సంగతి, షాపు విండోస్ హోమ్ అయితే రిమోట్ డెస్క్‌టాప్‌తో దాంట్లోకి రాలేరు, ప్రో ఉండాలి. ట్యాలీ ఫోల్డర్‌ని వీపీఎన్ మీద షేర్ చేసి ఇంటి నుంచి ఓపెన్ చేస్తే మటుకు నత్తనడకే.

వశిష్ఠ_వైర్లు:
లాగిన్ వేరే కంపెనీ చేతిలో ఉంటుంది, నాకు అది నచ్చదు.

రావులపాలెం_రాజు:
కువైట్ కుర్రాడి చేతిలో ఉన్నదానికన్నా నయమేనండి.

కోనసీమ_కుర్రోడు:
మేత షాపు గారూ, రూటర్ పేజీలో వాన్ ఐపీ (లైన్ వాళ్లు రూటర్‌కి ఇచ్చిన అడ్రస్) ఎంతో చూడండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే సీజీన్యాట్, బయట నుంచి నేరుగా రాలేరు, ఎంత ఖరీదు పెట్టె కొన్నా అంతే. అప్‌లోడ్ స్పీడ్ కూడా చూడండి, కెమెరాలు వచ్చేది దాని మీదే.

మేత_షాపు_పాలకొల్లు:
ఇప్పుడే షాపుకి ఫోన్ చేసి చూపించానండి, 100.81తో మొదలైంది. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ వస్తోంది. రేపు లైన్ వాళ్లని పబ్లిక్ ఐపీ ఇస్తారా, నెలకి ఎంత అని అడుగుతాను, ఎక్కువ చెప్తే అత్తిలి వారు చెప్పిందే. ఎవరు సెట్ చేసినా పాస్‌వర్డ్ మాత్రం మా ఆవిడ పద్దుల పుస్తకంలో రాయించాకే డబ్బులు ఇస్తాను.