నష్టపరిహారమా, భర్తీయా: ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లోని ఒక మాటపై చర్చ

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. నేను డాలస్‌లో ఉంటున్నాను. ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్‌ను (ఎన్ఎఫ్ఎల్ లీగ్‌ను) పిల్లలతోపాటు మన తల్లిదండ్రులు కూడా అర్థం చేసుకొని చూడాలన్న కోరికతో తెలుగులో కొన్ని వ్యాసాలు రాస్తున్నాను. ఒప్పందం ముగిసిన ఆటగాడు మరో జట్టులో చేరిపోయినప్పుడు, అతణ్ణి కోల్పోయిన జట్టుకు మరుసటి ఏటి డ్రాఫ్ట్‌లో (జట్లు రౌండ్లవారీగా, వంతుల ప్రకారం కొత్త ఆటగాళ్లను ఎంచుకొనే కార్యక్రమంలో) అదనంగా దక్కే కాంపెన్సేటరీ పిక్‌ను ‘నష్టపరిహార ఎంపిక’ అని రాశాను. చదివిన మిత్రులొకరు ఆ మాట చదువరిని పక్కదారి పట్టిస్తుందన్నారు. చట్టాల్లోనూ పత్రికల్లోనూ స్థిరపడ్డ మాటలో లోపమేమిటో, మార్చవలసివస్తే ఏ మాట తగునో దయచేసి తెలుపగలరు.

జవాబు

మీ మిత్రుల అభ్యంతరం సమంజసమైనదే. నష్టపరిహారం మంచి మాటే గాని ఈ చోటికి తగిన మాట కాదు. ఎందుకు తగదో తేలాలంటే నిఘంటువు తెరవడానికి ముందు, మార్చి నెలలో ప్రతి జట్టూ వేసుకొనే లెక్కను చూడాలి.

నష్టపరిహారం అనగానే మనకు పంట నష్టమో, రైలు ప్రమాదమో, భూసేకరణో గుర్తుకు వస్తుంది. ఆ మాట మూడు విషయాలను చెప్పకనే చెబుతుంది. ఒకరికి నష్టం జరిగింది. దానికి కారకులో బాధ్యులో అయినవారు చెల్లిస్తున్నారు. చెల్లించేదానికి పోయినదాని విలువ కొలమానంగా ఉంది. ఫుట్‌బాల్ నియమంలో ఈ మూడూ నిలవవు.

కర్క్ కజిన్స్ ఉదాహరణ తీసుకోండి. వాషింగ్టన్ జట్టు ఈ క్వార్టర్‌బ్యాక్‌ను (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాణ్ణి) 2016లోనూ 2017లోనూ ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఒప్పందం ముగిసిన ఆటగాణ్ణి మరో ఏడాది ఆపుకొనే హక్కు) వేసి ఏడాదికేడాది నిలుపుకుంది. 2018 మార్చిలో అతడు మిన్నెసోటా వైకింగ్స్‌తో మూడేళ్లకు 8.4 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకొని వెళ్లిపోయాడు; ఆ మొత్తం పూర్తిగా హామీ ఇచ్చినది. వాషింగ్టన్‌కు 2019 డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్ చివర 96వ ఎంపిక దక్కింది. అందుకోసం మిన్నెసోటా తన ఎంపికల్లో ఒక్కటీ వదులుకోలేదు. లీగ్ తానే రౌండ్ చివర ఒక కొత్త స్థానాన్ని సృష్టించి ఇచ్చింది, దాని వెనక ఉన్న జట్లన్నీ ఒక్కో స్థానం వెనక్కి జరిగాయి. అంటే ఆటగాణ్ణి తీసుకుపోయినవారు చెల్లించింది ఏమీ లేదు.

కొలత సంగతి కూడా అంతే. వెళ్లిపోయిన ఆటగాడి సగటు వార్షిక వేతనం, కొత్త జట్టులో అతడు ఆడిన మేర, ఆ ఏడాది పొందిన గౌరవాలు కలిపి లీగ్ ఒక సూత్రం ప్రకారం విలువ కడుతుంది. ఆ సూత్రాన్ని పూర్తిగా బయటపెట్టదు. ఎంత గొప్ప ఆటగాడు పోయినా దక్కేది మూడో రౌండ్ చివరి స్థానమే. అక్కడి నుంచి ఏడో రౌండ్ దాకా ఈ ఎంపికలు పరచుకొని ఉంటాయి. పదేళ్లు, అంతకు మించి అనుభవమున్న ఆటగాడికైతే, క్వార్టర్‌బ్యాక్ అయితే తప్ప, అయిదో రౌండ్‌ను మించి రాదు. ఏటా లీగ్ మొత్తానికి ఇచ్చేవి 32, ఒక్క జట్టుకు నాలుగు దాటవు. ఇలా ముందే గీత గీసి ఇచ్చేదాన్ని పరిహారమంటే, కోల్పోయినదానికి సరితూగేది వచ్చిందని చదువరి భ్రమపడతాడు.

అసలు చిక్కు వేరే ఉంది. ఒక ఆటగాడు పోయినంత మాత్రాన ఏమీ రాదు. ఆ వేసవిలో జట్టు కోల్పోయిన ఫ్రీ ఏజెంట్ల (ఒప్పందం ముగిసి ఏ జట్టులోనైనా చేరగల ఆటగాళ్ల) సంఖ్య, బయటి నుంచి తెచ్చుకొన్నవారి సంఖ్య కంటే ఎక్కువగా ఉండాలి. నలుగురు పోయి నలుగురు వస్తే, పోయినవారు ఎంతటివారైనా ఖాతా దాదాపు సున్నా. పోయినవారి మొత్తం విలువ వచ్చినవారికంటే బాగా ఎక్కువైతే ఏడో రౌండ్ చివర ఒక చిన్న ఎంపిక ఇచ్చే వెసులుబాటు ఉంది గాని, దాన్ని నమ్ముకొని ఏ జట్టూ ప్రణాళిక వేసుకోదు. ప్రతి రాక సాధారణంగా అదే స్థాయి విలువగల ఒక పోకను కొట్టివేస్తుంది. ఇక్కడ మనకు అచ్చమైన తెలుగు మాట సిద్ధంగా ఉంది: చెల్లు. వచ్చినవాడికీ పోయినవాడికీ చెల్లు. సిరీస్‌లో ఓడిన జట్టు మరుసటి మ్యాచ్ గెలిచి సమం చేసినప్పుడు మన క్రీడాపుటలు ‘చెల్లుకు చెల్లు’ అని శీర్షిక పెట్టడం అందరికీ తెలుసు. జమాఖర్చుల పుస్తకం నుంచి వచ్చిన ఆ పలుకుబడి ఈ నియమానికి అక్షరాలా సరిపోతుంది. మీ వ్యాసంలో ‘రద్దు’ అని రాసినచోట ‘చెల్లు’ అని మార్చితే నియమం దానంతట అదే అర్థమవుతుంది.

ఈ చెల్లు ఎవరికి వర్తిస్తుందన్నది జట్ల తూకంలో కీలకం. ఒప్పందం పూర్తి కాలం నడిచి ముగిసి, ఆ తర్వాత వేరే జట్టుకు వెళ్లినవాడే లెక్కలోకి వస్తాడు. పాత జట్టు మధ్యలో తొలగించినవాడిని తెచ్చుకొంటే లెక్కలోకి రాడు. మార్పిడిలో వచ్చినవాడూ రాడు. డ్రాఫ్ట్ ముగిసిన తర్వాతి సోమవారం దాటాక చేర్చుకొన్నవాడు కూడా రాడు; అందుకే కొందరు అనుభవజ్ఞులు మార్చి, ఏప్రిల్ నెలలు ఖాళీగా గడిపి, ఆ సోమవారం దాటిన వారంలోనే ఒప్పందాలు చేసుకొంటారు. దీనివల్ల మార్చిలో ఒక మధ్యరకం ఆటగాణ్ణి తెచ్చుకోవాలా అని ఆలోచించే జనరల్ మేనేజర్‌కు అతడి వేతనమొక్కటే ఖర్చు కాదు. అతడు కొట్టివేయబోయే నాలుగో రౌండ్ ఎంపిక కూడా ఖర్చే. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రవాడు నాలుగేళ్లు తక్కువ వేతనానికి ఆడతాడు కాబట్టి, వేతన పరిమితి ఉన్న లీగ్‌లో ఆ ఖర్చు చిన్నది కాదు. 2017 డ్రాఫ్ట్ నుంచి ఈ ఎంపికలను ఇతర జట్లకు మార్పిడి చేసుకొనే అవకాశం కూడా కలగడంతో వాటి విలువ మరింత పెరిగింది.

ఈ లెక్కను అందరికంటే ఓపికగా వేసిన జట్టు బాల్టిమోర్ రేవెన్స్. ఆజీ న్యూసమ్ జనరల్ మేనేజర్‌గా ఉన్న కాలంలో అది వారి స్థిరమైన పద్ధతిగా మారింది. 2013 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన వెంటనే వారి జట్టు చెదిరిపోయింది. పాల్ క్రూగర్ క్లీవ్‌లాండ్‌కు, డానెల్ ఎల్లర్బీ మయామీకి, కేరీ విలియమ్స్ ఫిలడెల్ఫియాకు, పదకొండు సీజన్లు ఆడిన ఎడ్ రీడ్ హ్యూస్టన్‌కు వెళ్లిపోయారు. అన్క్వాన్ బోల్డిన్‌ను శాన్ ఫ్రాన్సిస్కోకు ఆరో రౌండ్ ఎంపికకు మార్పిడి చేశారు కాబట్టి అతడు ఈ లెక్కలోకే రాడు. ఖాళీలు నింపడానికి వారు ఎంచుకొన్నవారిని గమనించండి. ఎల్విస్ డ్యూమర్‌విల్ సవరించిన ఒప్పందం పత్రాలు ఫ్యాక్స్‌లో గడువు దాటి చేరడంతో డెన్వర్ అతణ్ణి తొలగించవలసి వచ్చింది. క్రిస్ కాంటీని న్యూయార్క్ జెయింట్స్, మైకేల్ హఫ్‌ను ఓక్‌లాండ్ తొలగించాయి. ముగ్గురూ తొలగింపబడినవారే కాబట్టి ఒక్కరూ చెల్లులోకి రాలేదు. 2014 డ్రాఫ్ట్‌లో రేవెన్స్‌కు గరిష్ఠంగా నాలుగు అదనపు ఎంపికలు దక్కాయి: మూడో రౌండ్‌లో ఒకటి, నాలుగో రౌండ్‌లో రెండు, అయిదో రౌండ్‌లో ఒకటి. 99వ స్థానంలో క్రాకెట్ గిల్మోర్, 134లో బ్రెంట్ అర్బన్, 138లో లొరెంజో టాలియఫెరో, 175లో జాన్ ఉర్షెల్ వచ్చారు. ఉర్షెల్ మూడు సీజన్ల తర్వాత ఆట విడిచి ఎంఐటీలో గణిత పరిశోధనకు పూర్తికాలం అంకితమయ్యాడు.

మరి రేవెన్స్ లాభపడ్డారా? ఇక్కడే నష్టపరిహారం అన్న మాట మరింత హాని చేస్తుంది. ఆ 2013 సీజన్‌లో వారు ఎనిమిది గెలిచి ఎనిమిది ఓడి, ప్లేఆఫ్స్‌కు (జనవరిలో జరిగే నాకౌట్ పోటీలకు) చేరలేకపోయారు. ఆ ఏటి ఓటములను మరుసటి ఏటి నాలుగు ఎంపికలు పూడ్చలేదు, పూడ్చడం వాటి పని కూడా కాదు. మరోవైపు, వెళ్లిపోయినవారికి ఇతరులు ఇచ్చిన పెద్ద ఒప్పందాలు ఎక్కువకాలం నిలవలేదు: రీడ్‌ను హ్యూస్టన్ సీజన్ నడుమనే తొలగించింది, ఎల్లర్బీని మయామీ 2015లో న్యూ ఆర్లీన్స్‌కు పంపింది, క్రూగర్‌ను క్లీవ్‌లాండ్ 2016లో వదులుకొంది. డ్యూమర్‌విల్ మాత్రం 2014లో 17 శాక్‌లతో (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) రేవెన్స్ ఒక సీజన్ రికార్డు నెలకొల్పగా, జట్టు ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కు చేరింది. నా దృష్టిలో వారి అసలు లాభం ఎంపికల కంటే, అధిక ధరకు ఒప్పందాలు చేసుకోకపోవడంలోనూ, లెక్కలోకి రానివారిని వెతికి పట్టుకోవడంలోనూ ఉంది. చేతిలోని జట్టుతో ఈ ఏడాదే టైటిల్ గెలవగలమనుకొనే జట్టు ఇదే నిర్ణయం తీసుకొంటే తప్పు. వచ్చే ఏటి నాలుగో రౌండ్ కుర్రవాడు ఈ జనవరిలో ఆడడు.

టామ్ బ్రేడీ 2000లో 199వ స్థానంలో, డాక్ ప్రెస్కాట్ 2016లో 135వ స్థానంలో, బ్రాక్ పర్డీ 2022లో చిట్టచివరి 262వ స్థానంలో వచ్చింది ఇటువంటి ఎంపికలతోనేనని చాలామంది ఉదహరిస్తారు. మీ వ్యాసంలో ప్రెస్కాట్ పేరు చూశాను, డాలస్‌వారు కనుక సహజమే. కాని ఆ ముగ్గురినీ ఆనవాలుగా చూపితే, ఈ నియమం క్వార్టర్‌బ్యాక్‌లను ప్రసాదిస్తుందన్న అభిప్రాయం కలుగుతుంది. అటువంటి ఎంపికల్లో అధికభాగం రెండు మూడేళ్లు ప్రత్యామ్నాయ ఆటగాళ్లుగా ఉండి వెళ్లిపోయేవే.

నా సూచన ‘భర్తీ ఎంపిక’. నింపడమన్న అర్థంతో హిందుస్తానీ నుంచి వచ్చి మన కార్యాలయ భాషలో పూర్తిగా కలిసిపోయిన మాట ఇది. ఖాళీల భర్తీ అన్నప్పుడు మనం లెక్కపెట్టేది సంఖ్యను, సామర్థ్యాన్ని కాదు. ముప్పై ఏళ్లు పనిచేసి విరమించిన ఉపాధ్యాయుడి స్థానంలో కొత్తగా పరీక్ష నెగ్గిన యువకుడు వస్తే పోస్టు భర్తీ అయిందంటాం గాని, ఆ ఉపాధ్యాయుడికి సమానమైనవాడు వచ్చాడనం. పోకలు, రాకలు చెల్లు వేయగా మిగిలిన ఖాళీలను లీగ్ పరిమితికి లోబడి కొత్తవారితో నింపుకోనిస్తుందన్న భావం ఆ మాటలో ఉన్నదున్నట్టు ఇముడుతుంది.

మరొక సభ్యురాలు

భర్తీ అన్న సూచన బాగుంది. అయినా రెండు సందేహాలు. కేంద్రం 2017 చట్టం ప్రకారం రాష్ట్రాలకు అయిదేళ్లు ఇచ్చినదాన్ని పత్రికలన్నీ జీఎస్టీ పరిహారమనే రాశాయి. అక్కడా అపరాధి ఎవరూ లేరు. కాబట్టి పరిహారానికి అపరాధి ఉండి తీరాలన్న వాదన నిలుస్తుందా? పోనీ విలువ తక్కువన్నదే అభ్యంతరమైతే ‘ఊరట ఎంపిక’ అనవచ్చు కదా. సిరీస్ పోయాక చివరి మ్యాచ్ గెలిస్తే ఊరట విజయమని మన క్రీడాపుటలే రాస్తున్నాయి.

జవాబు

మీ మొదటి ప్రశ్న విలువైనది. సంస్కృతంలో పరిహారానికి తొలి అర్థం తొలగించడమే, దోషపరిహారంలో ఇప్పటికీ అదే వినిపిస్తుంది. కనుక అపరాధి లేకున్నా పరిహారమనవచ్చునని నేనూ ఒప్పుకొంటాను. జీఎస్టీ విషయంలో ఆ మాట నిలవడానికి కారణం వేరు: 2015-16ను ఆధార సంవత్సరంగా తీసుకొని, ఏటా 14 శాతం పెరుగుదల ఉంటుందని లెక్కకట్టి, దానికి ఎంత తగ్గితే అంత ఇస్తామని చట్టం చెప్పింది. చెల్లించేవారెవరో స్పష్టం, కొలత స్పష్టం. ఫుట్‌బాల్‌లో ఆ రెండూ లేవు. ఆదాయంలో తగ్గిన రూపాయికి రూపాయి ఇచ్చినట్టు కజిన్స్‌కు మరో కజిన్స్‌ను ఎవరూ ఇవ్వలేదు.

‘ఊరట’ చెవికింపైన మాటే గాని, అది జరిగిపోయినదానికి తర్వాత చిక్కే ఉపశమనం. 2013 మార్చిలో రేవెన్స్ చేసింది ముందే వేసుకొన్న లెక్క. ఎవరిని పోనివ్వాలో, ఎవరిని తెచ్చుకొంటే చెల్లులోకి రాదో తూచి అడుగువేశారు. ఊరట అంటే ఆ ముందుచూపు కనిపించకుండా పోతుంది. ఫ్రీ ఏజెన్సీ 1993లో మొదలై, తొలి అదనపు ఎంపికలు 1994 డ్రాఫ్ట్‌లోనే ఇచ్చారు. రెండూ జతగా పుట్టిన నియమాలని జట్లకు మొదటినుంచీ తెలుసు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. ‘చెల్లు’, ‘భర్తీ’ రెండూ స్వీకరించి ఆ పేరాలు తిరిగి రాస్తున్నాను. ఒక్క అనుమానం: మైనారిటీ వర్గాలకు చెందిన శిక్షకుడో అధికారియో మరో జట్టుకు ప్రధాన శిక్షకుడిగానో జనరల్ మేనేజర్‌గానో వెళ్తే, పంపిన జట్టుకు రెండేళ్లపాటు మూడో రౌండ్ ఎంపికలిచ్చే పద్ధతి 2020లో వచ్చింది కదా. దాన్నీ భర్తీ అనాలా?

జవాబు

అనకూడదు. అవి 32 ఎంపికల లెక్కకు బయటివి, వాటిలో పోక రాకల చెల్లు లేదు, వెళ్లినవాడు ఆటగాడు కూడా కాడు. అవకాశాలు దక్కనివారిని తీర్చిదిద్దిన జట్టును ప్రోత్సహించడానికి ఇచ్చేవి కాబట్టి ‘ప్రోత్సాహక ఎంపిక’ అనండి. రెండింటినీ ఒకే పట్టికలో చూపించేటప్పుడు విడివిడి వరుసల్లో రాయండి. ఆంగ్లంలో రెండింటికీ దాదాపు ఒకే పేరు ఉన్నందున అక్కడి పాఠకులే తరచుగా తికమకపడుతుంటారు.